తప్పు జరిగింది వేదిక మీద

ఇండియన్ సైన్స్ కాంగ్రెస్ ఆగిపోయిందంటే ‘పీడ విరగడైంది’ అన్నవాళ్లే ఎక్కువ. 2023 సెప్టెంబరులో కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ తన మద్దతు ఉపసంహరించుకుంది. ఏటా జనవరి 3న మొదలవ్వాల్సిన సభలు 2024లో మొదలే కాలేదు. కోవిడ్ కాలాన్ని మినహాయిస్తే, 1914 నుంచి నడుస్తూ వచ్చిన ఆనవాయితీకి అలా గండి పడింది. అయ్యో అన్నవాళ్లు తక్కువ. పెద్ద పరిశోధన సంస్థల్లో పనిచేసేవాళ్లు అక్కడికి వెళ్లడం ఏనాడో మానేశారు. చదువుకున్న మధ్యతరగతికి అది పత్రికల్లో వచ్చే వింత ప్రకటనల మూలంగానే గుర్తు.

ఇప్పుడు గట్టిగా నాటుకున్న అభిప్రాయం ఇది: సైన్స్ కాంగ్రెస్ ఒక తిరనాళ్లు. అడ్డూ అదుపూ లేకుండా ఎవరు పడితే వారు వచ్చి ఏది పడితే అది మాట్లాడే చోటు. అంతమంది చేరితే సైన్స్ ఎక్కడ మిగులుతుంది? దాన్ని మూసేసి, ఎంపిక చేసిన నిపుణులను పిలిచి, ప్రభుత్వమే పద్ధతిగా ఒక సదస్సు నడిపితే దేశానికి మేలు. 2009లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న వెంకటరామన్ రామకృష్ణన్ ఒకప్పుడు ఈ సభలకు ఒకరోజు వెళ్లారు. అక్కడ సైన్స్ చర్చ పెద్దగా కనబడలేదని 2016 జనవరిలో దాన్ని సర్కస్ అన్నారు, ఇక జన్మలో వెళ్లనన్నారు. ఆయన కోపం న్యాయమైనదే. దాన్ని పట్టుకుని మిగతావాళ్లు రాసుకున్న తీర్పు మాత్రం తప్పు. ఎందుకు తప్పో తెలియాలంటే ఆ అపచారాలు సభలో ఏ మూల జరిగాయో చూడాలి. దాని జోలికి ఎవరూ పోవడం లేదు.

2015 జనవరి, ముంబయి, 102వ సభలు. సంస్కృతం ద్వారా ప్రాచీన విజ్ఞానం అంటూ ఒక ప్రత్యేక గోష్ఠి ఏర్పాటు చేశారు. పైలట్ శిక్షణ సంస్థలో ప్రిన్సిపాల్‌గా పనిచేసి రిటైరైన కెప్టెన్ ఒకరు వచ్చి, వేల ఏళ్ల కిందటే ఈ దేశంలో గ్రహం నుంచి గ్రహానికి తిరిగే విమానాలు ఉండేవని చెప్పారు. ఆధారం ‘వైమానిక శాస్త్రం’. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన అయిదుగురు ఆ పుస్తకాన్ని 1974లోనే పరీక్షించారు. అది 1904కు ముందు పుట్టింది కాదని, అందులో వర్ణించిన యంత్రాలకు ఎగిరే గుణమే లేదని తేల్చారు. నలభై ఏళ్లుగా అచ్చులో ఉన్న పరిశీలన అది. గోష్ఠి ఏర్పాటు చేసినవాళ్లు దాన్ని ఒక్కసారి తిరగేసి ఉంటే సరిపోయేది.

2018 మార్చి, ఇంఫాల్, 105వ సభలు. స్టీఫెన్ హాకింగ్ చనిపోయి రెండు రోజులే అయింది. ఐన్‌స్టయిన్ సమీకరణం కంటే గొప్ప సిద్ధాంతం వేదాల్లో ఉండవచ్చని హాకింగ్ అన్నారంటూ ప్రారంభ సభలో అప్పటి కేంద్ర శాస్త్ర సాంకేతిక మంత్రి ప్రకటించారు. ఆధారమేదని విలేకరులు అడిగితే, మీరే వెతుక్కోండన్నారు.

2019 జనవరి, జలంధర్ దగ్గరి లవ్లీ ప్రొఫెషనల్ విశ్వవిద్యాలయం, 106వ సభలు. ఇది తెలుగువాళ్లకు మరీ బాధ కలిగించిన సంగతి. ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతి మాట్లాడుతూ, కౌరవులు టెస్ట్‌ట్యూబ్ బేబీలన్నారు, రావణుడికి 24 రకాల విమానాలుండేవన్నారు, విష్ణుచక్రం గురి తప్పని క్షిపణి అన్నారు. విన్నది ఎవరు? బాలల సైన్స్ కాంగ్రెస్‌కు వచ్చిన బడిపిల్లలు, వాళ్లను వెంటబెట్టుకొచ్చిన టీచర్లు. అదే సభల్లో తమిళనాడు నుంచి వచ్చిన మరో వక్త న్యూటన్‌నూ ఐన్‌స్టయిన్‌నూ తప్పుబట్టి పోయారు.

కెప్టెన్, మంత్రి, ఉపకులపతి, ఈ ముగ్గురిలో ఏ ఒక్కరూ విభాగాల సమావేశంలో పత్రం సమర్పించడానికి చందా కట్టి వచ్చిన మామూలు సభ్యులు కారు. ఒకటి ప్రత్యేక గోష్ఠి, ఒకటి ప్రారంభోత్సవం, ఒకటి ఆహ్వానిత ప్రసంగం. పిలిచి, పూలగుచ్ఛమిచ్చి కూర్చోబెట్టినవాళ్లు మాట్లాడిన మాటలవి. సైన్స్ కాంగ్రెస్ పరువు తీసింది గ్యాలరీలో కూర్చున్న జనం కాదు. ఆ జనం నోరెత్తే అవకాశమే అక్కడ లేదు. కానీ శిక్ష ఎవరికి పడింది? పోస్టర్ చుట్టుకుని స్లీపర్ క్లాసులో వచ్చే లెక్చరర్‌కు. అత్త మీద కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

మైసూరు ఉదాహరణ ఈ వాదనలో సరిగ్గా ఇమడదని ఒప్పుకోవాలి. 2016లో అక్కడ ఒక ఐఏఎస్ అధికారి శంఖం ఊదడం వల్ల ఆరోగ్యానికి కలిగే లాభాల మీద పత్రం సమర్పించారు, ఊది చూపించారు కూడా. అది పైనుంచి రుద్దిన ప్రసంగం కాదు, పత్రంగానే లోపలికి వచ్చింది. అంటే విభాగాల వడపోత కూడా బలహీనంగానే ఉందన్నమాట. నిజమే. వచ్చిన సారాంశాల్లో సగానికి సగం చదవకుండానే అంగీకరించేస్తారన్న ఫిర్యాదు పాతదే. 2010లో యూజీసీ తెచ్చిన నిబంధనలు సదస్సు పత్రాలకు కూడా మార్కులు కట్టి, వాటినే పదోన్నతికి ముడిపెట్టాయి. దాంతో దేశంలోని సదస్సులన్నిటిలోనూ సర్టిఫికెట్ కోసం వచ్చేవాళ్లు పెరిగారు. ఆ వరద సైన్స్ కాంగ్రెస్‌నూ ముంచింది. అయితే ఈ జబ్బుకు మందు ఏమిటి? విభాగానికి అధ్యక్షులున్నారు, రికార్డరున్నారు, కమిటీ ఉంది. వాళ్లకు పత్రాన్ని తిప్పి పంపే అధికారం గట్టిగా ఇచ్చి, ఎందుకు తిప్పి పంపారో రాయించాలి. సభనే ఎత్తేయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఆ ఇల్లు ఎలా కట్టారో కాస్త తలచుకోవాలి. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పే సైమన్‌సన్, లక్నో కానింగ్ కాలేజీలో అదే చెప్పే మక్‌మహన్ అనే ఇద్దరు అధ్యాపకులకు వచ్చిన ఆలోచన ఇది. 1831లో పుట్టిన బ్రిటిష్ అసోసియేషన్ వాళ్లకు నమూనా. 1914 జనవరి 15 నుంచి 17 వరకు కలకత్తా ఏషియాటిక్ సొసైటీలో తొలి సభలు జరిగాయి. అధ్యక్షులు అశుతోష్ ముఖర్జీ, వచ్చినవాళ్లు 105 మంది, చదివిన పత్రాలు 35, విభాగాలు ఆరు. కాలేజీలో పాఠం చెప్పేవాడు కూడా సైంటిస్టే, అతనికీ ఏడాదికోసారి తోటివాళ్ల ముందు నిలబడే హక్కుంది అన్న నమ్మకం మీద లేచిన సంఘం. తర్వాత జగదీశ్ చంద్ర బోస్, సి.వి. రామన్, మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ ఆ అధ్యక్ష పీఠమెక్కారు. 1975లో అసీమా చటర్జీ ఆ పీఠం మీద కూర్చున్న తొలి మహిళ.

ఆ పీఠం అలంకారం కోసం ఉండేది కాదు. 1934 బొంబాయి సభల్లో సాహా అధ్యక్షుడిగా ఉండగా జాతీయ స్థాయి విజ్ఞాన అకాడమీ కావాలన్న ప్రతిపాదన ముందుకొచ్చింది. ఏడాది తిరిగేసరికి 1935 జనవరిలో కలకత్తాలో ఒక సంస్థ మొదలైంది. ఇవాళ్టి ఇండియన్ నేషనల్ సైన్స్ అకాడమీ అదే. 1938 రజతోత్సవానికి రూథర్‌ఫర్డ్ అధ్యక్షత వహించాల్సింది. 1937 అక్టోబరులో ఆయన చనిపోతే జేమ్స్ జీన్స్ వచ్చి సభ నడిపారు. ప్రపంచ భౌతికశాస్త్రంలో అప్పటికి అంతకు మించిన పేర్లు అరుదు. తిరనాళ్లనేవాళ్లు ఈ చరిత్రను గతవైభవమని పక్కన పెడతారు. గతం గొప్పది కాబట్టి వర్తమానాన్ని క్షమించమని ఎవరూ అడగడం లేదు. ఇదే నిర్మాణం, ఇవే విభాగాలు, ఇదే బహిరంగ సభ్యత్వంతో ఒకప్పుడు పని జరిగిందంటే లోపం ఆ నిర్మాణంలో లేదని మాత్రమే అర్థం.

తెలుగు నేలకూ ఈ సభలకూ అనుబంధం చిన్నది కాదు. 1937లో హైదరాబాదులో చెరకు వంగడాల పరిశోధకుడు టి.ఎస్. వెంకట్రామన్ అధ్యక్షతన సభలు జరిగాయి. ఆ తర్వాత 1954, 1967, 1979, 1998, 2006 సంవత్సరాల్లో మళ్లీ హైదరాబాదే. విశాఖలో 1976, 2008. తిరుపతిలో 1983, 2017. వీటిలో విశాఖ 1976 సభలను ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఎం.ఎస్. స్వామినాథన్ ప్రధానాధ్యక్షుడిగా ఉండి, సభలకు ఒక కేంద్ర విషయం ఉండాలన్న పద్ధతిని అక్కడే ప్రవేశపెట్టారు. ఆ ఏడాది విషయం విజ్ఞానశాస్త్రం, సమగ్ర గ్రామీణాభివృద్ధి. ఎవరి పత్రం వాళ్లు చదివి వెళ్లిపోయే సభను దేశానికి సంబంధించిన ఒక ప్రశ్న చుట్టూ కూర్చోబెట్టిన మార్పు అది. సభలు నడిపే సంఘం తనంతట తాను చేసుకున్న సంస్కరణ. బయటినుంచి ఎవరూ తాళం వేసి చేయించింది కాదు.

మరి తేడా ఎక్కడొచ్చింది? సభల పాలన చేతులు మారింది. పేరుకు సంఘం కలకత్తాలో ఉంది, కార్యవర్గముంది, ఎన్నికలున్నాయి. కానీ సభ జరిగేది మరొకరి ఇంట్లో, మరొకరి డబ్బుతో, మరొకరి తేదీకి. ఆతిథ్యమిచ్చే విశ్వవిద్యాలయానికి స్థానిక కమిటీ ఉంటుంది. దానికి తన రాష్ట్ర పెద్దల్ని, తన అధికారుల్ని సంతోషపెట్టాల్సిన అవసరముంటుంది. ప్రధాని ప్రారంభించడం ఆనవాయితీగా మారాక సభ తేదీ ప్రధాని వీలుకు ముడిపడింది. భద్రత, వేదిక, కుర్చీల వరస అన్నీ ప్రోటోకాల్ చేతిలోకి వెళ్లాయి. ప్రారంభ సభలో ఎవరేం మాట్లాడతారో సంఘం ప్రధాన కార్యదర్శికే తెలియని స్థితిలో, ఆ మాటకు సంఘం ఎలా బాధ్యత వహిస్తుంది?

ఈ ఆధారపడటం ఎంత ప్రమాదమో ఉస్మానియా చూపించింది. 2018 జనవరి సభలు అక్కడ జరగాలి. విశ్వవిద్యాలయానికి నూరేళ్లు నిండిన ముచ్చటతో పాటు కలిసి రావాల్సిన పండగ. రెండు వారాల ముందు, 2017 డిసెంబరులో, క్యాంపస్ పరిస్థితుల దృష్ట్యా నిర్వహించలేమని విశ్వవిద్యాలయం చెప్పింది. టికెట్లు కొనుక్కున్నవాళ్లు, పోస్టర్లు అచ్చేయించుకున్నవాళ్లు ఉన్నచోటే ఉండిపోయారు. సభలు మార్చిలో ఇంఫాల్‌కు మారాయి. ఆతిథ్యం ఒప్పుకున్నవాళ్లు వెనక్కి తగ్గితే ఏం చేయాలన్న ఏర్పాటు సంఘం దగ్గర ముందే ఉండి ఉంటే, జనవరిలోనే మరో ఊళ్లో సభ జరిగేది. అయిదేళ్ల తర్వాత అదే గాయం మళ్లీ రేగింది. 109వ సభలను లక్నో విశ్వవిద్యాలయం నుంచి లవ్లీకి మార్చాలని సంఘం నిర్ణయించింది. తమను అడగకుండా మార్చారని శాస్త్ర సాంకేతిక శాఖ అభ్యంతరం చెప్పింది. ఆర్థిక అవకతవకలున్నాయని కూడా ఆరోపించింది. సంఘం కాదంది. వివాదం ఢిల్లీ హైకోర్టుకెక్కింది. చివరికి లవ్లీ కూడా తమవల్ల కాదంది.

‘డబ్బు ఇచ్చేవాళ్లు మాట చెల్లించుకోరా?’ అన్నది ఇక్కడ వినిపించే వాదన. శాఖ ఏటా ఇచ్చింది సుమారు 5 కోట్ల రూపాయలు. అది ప్రజల సొమ్ము. దాని ప్రతి పైసాకూ లెక్క అడిగే హక్కు శాఖకు ఉంది, అడగాలి కూడా. లెక్కల్లో తేడా తేలితే బాధ్యుల మీద చర్య తీసుకోవాలి. కానీ లెక్క అడగడం వేరు, సభ ఏ ఊళ్లో జరగాలో చెప్పడం వేరు. వేదికను ఎంచుకోవడం ఏ వృత్తి సంఘానికైనా ప్రాణం లాంటి హక్కు. అమెరికన్ అసోసియేషన్ ఫర్ ది అడ్వాన్స్‌మెంట్ ఆఫ్ సైన్స్ 1955లో అట్లాంటాలో సమావేశమైంది. అది జాతి వివక్ష చట్టాలున్న నగరం. ఆ అనుభవం తర్వాత, జాతిభేదం లేకుండా సభ్యులంతా కలిసి కూర్చోగల చోటే సమావేశం కావాలని ఆ సంఘం మండలి నిర్ణయించుకుంది. అలాంటి నిర్ణయం తీసుకునే స్వేచ్ఛ లేని సంఘం ఎవరికో షామియానా వేసిపెట్టే కాంట్రాక్టరుగా మిగులుతుంది.

డబ్బిచ్చేవాళ్లతో ఎలా మెలగాలన్నదానికీ ఉదాహరణలున్నాయి. 2016లో అమెరికన్ జియోఫిజికల్ యూనియన్ వార్షిక సమావేశానికి ఎక్సాన్ మొబిల్ కంపెనీ స్పాన్సర్‌గా ఉండకూడదని వందమందికి పైగా భూశాస్త్రవేత్తలు లేఖ రాశారు. సంఘం బోర్డు ఆ విషయం చర్చించి, ఓటేసి, ఏప్రిల్‌లో స్పాన్సర్‌షిప్ కొనసాగించాలని తేల్చింది, కారణాలు ప్రకటించింది. ఆ నిర్ణయం చాలామందికి నచ్చలేదు. బోర్డు తప్పు చేసిందనీ వాదించవచ్చు. కానీ ఎవరు నిర్ణయించారో, ఏ కారణంతో నిర్ణయించారో సభ్యులకు తెలుసు. ఎవరితో పోట్లాడాలో తెలుసు. సైన్స్ కాంగ్రెస్ సభ్యుడికి కావలసింది ఆ తెలివిడే.

సంఘాన్ని వెనకేసుకురావడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. అది చేసిన తప్పు పెద్దది. వివాదం రేగిన ప్రతిసారీ ‘అది వక్త సొంత అభిప్రాయం, సంఘానికి సంబంధం లేదు’ అన్న ధోరణి కనబడింది. జలంధర్ తర్వాత సంఘం ఆందోళన వ్యక్తం చేసింది. వక్తల నుంచి హామీ పత్రాలు తీసుకుంటామంది. హామీ పత్రం పోలీస్ స్టేషన్‌కు పనికొస్తుంది గానీ సైన్స్ సభకు కాదు. సైన్స్ సభలో తప్పు మాటకు జవాబు అక్కడే, ఆ గదిలోనే, మరో సైంటిస్టు నోటి నుంచి రావాలి. 1860 జూన్‌లో ఆక్స్‌ఫర్డ్‌లో బ్రిటిష్ అసోసియేషన్ సభలు జరుగుతుండగా డార్విన్ సిద్ధాంతం మీద బిషప్ విల్బర్‌ఫోర్స్ ధ్వజమెత్తారు. హక్స్‌లీ, హుకర్ అప్పటికప్పుడు లేచి జవాబిచ్చారు. ఎవరు ఏ మాట అన్నారన్నదాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటారు. జవాబు ఆ గదిలోనే వచ్చిందన్నదాంట్లో వాదం లేదు. ఎందుకు రాగలిగింది? అది విభాగం సమావేశం. అధ్యక్ష స్థానంలో హెన్‌స్లో అనే వృక్షశాస్త్రజ్ఞుడు ఉన్నారు. వినడానికి వచ్చినవాళ్లకు మాట్లాడే వీలుంది. బిషప్ పదవి చూసి సభ నోరు మూసుకోలేదు.

ఇప్పుడు ప్రత్యామ్నాయంగా చూపిస్తున్నదేమిటో చూడండి. 2025 నవంబరు 3 నుంచి 5 వరకు ఢిల్లీ భారత్ మండపంలో ఎమర్జింగ్ సైన్స్, టెక్నాలజీ అండ్ ఇన్నోవేషన్ కాన్‌క్లేవ్ జరిగింది. పదమూడు మంత్రిత్వ శాఖలు, విభాగాలు కలిసి నడిపాయి, ప్రధాని ప్రారంభించారు. నోబెల్ గ్రహీతలు వచ్చారు, పరిశ్రమలవాళ్లు వచ్చారు. మంచి సదస్సే. ప్రభుత్వం తన విధానాలను నిపుణులకు వివరించడానికి, పెట్టుబడులు పిలవడానికి అలాంటిది కావాలి. కానీ అది సైన్స్ కాంగ్రెస్ చేసే పని చేయలేదు. ఎజెండా శాఖలది, వేదిక శాఖలది, పిలుపు శాఖలది. అక్కడ సభ్యులు లేరు, ఎన్నిక లేదు, శాఖ విధానం తప్పని తీర్మానం ప్రవేశపెట్టే సర్వసభ్య సమావేశం లేదు. సైన్స్ కాంగ్రెస్‌ను నవ్వులపాలు చేసింది ఆహ్వానిత వేదిక అయితే, ఆ వేదికనే పెద్దది చేసి, దాని కింద కూర్చునే సభ్యుణ్ణి తీసేయడం చికిత్స ఎలా అవుతుంది? పిలిచినవాళ్లకే పేరంటమైనప్పుడు రేపు అక్కడ ఓ పెద్ద పదవిలోని మనిషి హాకింగ్ పేరు మీద మరో కట్టుకథ చెబితే లేచి అడిగేదెవరు?

పాలమూరులోనో పార్వతీపురంలోనో ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే అధ్యాపకురాలికి ఆ పిలుపు రాదు. ఆమె చెరువుల్లో చేపజాతుల మీద పదేళ్లుగా రాసుకున్న నోట్సును చూసి, ‘మీరు నమూనా తీసుకున్న పద్ధతి సరిగా లేదమ్మా’ అని చెప్పే మనిషిని ఆమె ఎక్కడ కలుస్తుంది? అంతర్జాతీయ సదస్సుకు వెళ్లే ఖర్చు ఆమె జీతం భరించదు. అకాడమీల సభలకు ముఖ్యంగా ఫెలోలనే పిలుస్తారు. పద్నాలుగు విభాగాల్లో ఏదో ఒకదానిలో పేరు నమోదు చేసుకుని, ఒక తరగతి గదిలో పది నిమిషాలు చెప్పి, అయిదు నిమిషాలు తిట్లు తినే అవకాశం ఈ దేశంలో ఆమెకు సైన్స్ కాంగ్రెసే ఇచ్చింది. ఆమె పత్రం బలహీనంగా ఉండవచ్చు. బలహీనమైన పత్రం బాగుపడేది అలాంటి గదిలోనే. పెద్ద సంస్థల సైంటిస్టులు అక్కడికి రావడం మానేసి, ఆ గది స్థాయి పడిపోయిందనడం అన్యాయం. వాళ్లు వచ్చి వెనక బెంచీలో కూర్చుని ప్రశ్న అడిగి ఉంటే అది పడిపోయేది కాదు.

సంఘం మళ్లీ లేవాలంటే ముందు తన సభను తన చేతిలోకి తెచ్చుకోవాలి. ఆతిథ్య సంస్థతో ఒప్పందం రాతలో ఉండాలి. వసతి, భోజనం, హాళ్లు వాళ్లవి. వక్తల జాబితా మీద చివరి మాట విభాగాధ్యక్షులది. ప్రధాని వచ్చినా, మంత్రి వచ్చినా సంతోషమే. అయితే ప్రారంభోత్సవం ఒక గంట, మిగతా నాలుగు రోజులు సైన్స్‌వి. తేదీ ఎవరి వీలు కోసమూ మారకూడదు. శాఖ ఇచ్చే సొమ్ము, సభ్యుల చందా, కంపెనీల స్టాళ్ల అద్దె ఎంతెంతో, ఖర్చు దేనికో బయటి ఆడిటర్ల చేత తనిఖీ చేయించి, సభ ముగిసిన మూడు నెలల్లో ప్రతి సభ్యుడికీ అందేలా చేయాలి. అలా చేస్తే అవకతవకల ఆరోపణకు కోర్టు దాకా పోకుండానే జవాబు దొరుకుతుంది. అయిదు కోట్లు రాకపోతే సభ అయిదు రోజులు కాక మూడు రోజులే జరగనివ్వండి. షామియానాలు, ఎక్స్‌పో లేకపోతే ఏం? 1914లో మూడు రోజులే జరిగింది, 105 మందితో.

బాలల సైన్స్ కాంగ్రెస్‌తోనే ఈ మార్పు మొదలుపెట్టాలి, ఎందుకంటే అన్నిటికంటే పెద్ద తప్పు అక్కడ జరిగింది. పిల్లల ముందు మాట్లాడేవాళ్లను పదవి చూసి పిలవకూడదు, పనిచేస్తున్న సైంటిస్టులనే పిలవాలి. వక్త పక్కన ఆ విషయం తెలిసిన మరొకరు కూర్చోవాలి. మాట్లాడింది ఇరవై నిమిషాలైతే పిల్లల ప్రశ్నలకు మరో ఇరవై నిమిషాలు ఉంచాలి. జలంధర్‌లో ఆ రోజు ఏ ఎనిమిదో తరగతి అమ్మాయో మైకు అందుకుని, ‘సార్, ఇది మీకెలా తెలిసింది?’ అని అడగగలిగేలా ఆ సభను నడిపి ఉండాల్సింది.